ఐజాకు వాల్టను జీవిత చరిత్రము

పుప్పాలగూడ ప్రాంతమున నేడు ఆకాశము నంటు మేడలు లేచియున్నవి గాని, యిది యొకప్పుడు చెరువులును రాతిగుట్టలును గల పల్లెపట్టు. ఇచటికి కొన్ని మైళ్ల దూరమున, మూసీనదిపై 1920వ సంవత్సరమున పూర్తియైన ఉస్మాను సాగరము, అనగా గండిపేట చెరువు, నేటికిని నిలిచియున్నది. చెరువున్న పల్లెలలో వెదురుకఱ్ఱకు దారము గట్టి, దానికి జీలుగుబెండునో నెమలియీకనో తగిలించి, గట్టున గూర్చుండి చేపకై కనిపెట్టు బాలురను మనము చూచియుందుము. అది సోమరుల పనియని పెద్దలు గద్దించుటయు గలదు. అట్టి బెండును చూచుచు గూర్చుండుటలో ఓర్పు నభ్యసించి, ఆ విద్యను గూర్చి రచించిన గ్రంథముచేత మూడువందల డెబ్బది సంవత్సరములకు పైగా కీర్తి నొందుచున్న యొక బట్టల వర్తకుని చరిత్రము మన విద్యార్థులకు తెలియదగినది.

ఐజాకు వాల్టను ఇంగ్లండు దేశమందలి స్టాఫర్డు పట్టణమున 1593వ సంవత్సరమున జన్మించెను. నాలుగేండ్లు నిండకమునుపే తండ్రి గతించెను. ఉన్నతవిద్య నభ్యసించు భాగ్యము ఆయనకు లేకపోయెను. యౌవనమున లండను నగరమునకు బోయి, బట్టల వ్యాపారము నేర్చి, 1618వ సంవత్సరమున ఇనుప వర్తకుల సంఘమున జేరి, ఫ్లీటు వీధి ప్రాంతమున స్వంతముగా అంగడి పెట్టుకొనెను. ఆ పేటయందలి సెయింటు డన్‌స్టను దేవాలయమునకు 1624వ సంవత్సరమున సుప్రసిద్ధ కవియగు జాను డన్ను గురువుగా వచ్చెను. ఆ మహాపండితుడును ఈ వర్తకుడును మిత్రులైరి. డన్ను మరణానంతరము ఆయన జీవితచరిత్రమును వ్రాయబూనిన పండితుడు పని ముగింపకయే మృతినొందగా, ఆ భారము వాల్టనుపై బడెను. 1640వ సంవత్సరమున అది ప్రకటితమయ్యెను. నలువది యేడేండ్ల వయస్సున, పాఠశాల చదువు కొంచెముగా గల వర్తకుడు గ్రంథకర్త యయ్యెను.

అయినను ఆ సంవత్సరమే ఆయన యింట దుఃఖము నిండెను. భార్యయగు రేచెలు మరణించెను. ఆమెకు గలిగిన బిడ్డలందరును బాల్యముననే గతించిరి. దేశమున సైతము శాంతి లేదు. 1642వ సంవత్సరమున రాజునకును పార్లమెంటునకును యుద్ధము ప్రారంభమయ్యెను. వాల్టను రాజపక్షమువాడు. 1651వ సంవత్సరమున వూస్టరు యుద్ధమున రెండవ చార్లెసు ఓడి పారిపోగా, దాచబడిన ఆయన రత్నభూషణ మొకటి వాల్టను చేతికి వచ్చెను. ఆయన దానిని రహస్యముగా లండనునకు గొనిపోయి, చెరసాలయందున్న రాజపక్షపు సేనాని కప్పగించెను. పట్టుబడినచో తానును ఆపదపాలగునని యెరిగియే ఆ పని చేసెను.

ఇట్టి కల్లోలపు దినములలో, 1653వ సంవత్సరమున, ఆయన గాలపువేటను గూర్చిన గ్రంథమును ప్రకటించెను. దాని పేరు ‘కంప్లీటు యాంగ్లరు’. అందు గాలపువేటగాడొకడు తోడి బాటసారికి, లీ యను నదీతీరమున నడచుచు, చేపల స్వభావమును, ఎరలను, పనిముట్లను బోధించును. క్రీస్తు ప్రభువు తన ప్రథమ శిష్యులుగా జాలరులను పిలిచెనన్న సంగతిని ఆయన సంతోషముతో జ్ఞాపకము చేయును. పేతురు గాలము వేసి చేపను పట్టి, దాని నోట దొరకిన నాణెముతో పన్ను చెల్లించిన కథ మత్తయి సువార్తయందు మనము చదివినదే.

బెండు చేయు విధమును వాల్టను శ్రద్ధతో వివరించెను. పగుళ్లు లేని బెండుముక్కను సన్నని కాల్చిన యినుపకమ్మితో తొలిచి, ఆ రంధ్రమున ఈకకాడను దూర్చి, బెండును కొనదేరునట్లు చెక్కి నునుపు చేయవలెను. గుర్రపు వెండ్రుకలను పేని దారము చేయవలెను. సీసపు గుండుతో నీటిలోతును కొలిచి, ఎర ఆ చేప తిరుగు లోతున నుండునట్లు బెండును అమర్చవలెను. బెండు ఎరను కావలసిన లోతున నిలుపును. చేప ముట్టినప్పుడు కదలి, కంటికి కనబడని సంగతిని తెలుపును. నేడు లోతునీటియందు జారుబెండును వాడుదురు. అది దారముపై జారుచుండును. విసరునప్పుడు గుండు దగ్గరకు దిగియుండును. నీటబడిన పిమ్మట గుండు దారమును లాగికొని దిగగా, దారమునకు వేసిన ముడి బెండునకు తగిలి, ఎర నియమిత స్థానమున నిలుచును. ఉపాయము క్రొత్తది, సూత్రము పాతదియే.

వాల్టను పట్టుటను మాత్రమే బోధింపలేదు. గ్రుడ్లు పెట్టు కాలమున చేపలను పట్టుట ప్రకృతికి విరుద్ధమనియు, ఆ మాసములలో వేట మానవలెననియు, చట్టవిరుద్ధమగు వలలచే నదులు పాడగుచున్నవనియు ఆయన మొరపెట్టెను. మన శీలవతి, బొచ్చె మొదలగు చేపలు వానకాలముననే గ్రుడ్లు పెట్టును గనుక, ఆ హెచ్చరిక మనకును చెల్లును. ఆయనయందు లోపము లేకపోలేదు. ఎరగా కప్పను గాలమునకు గ్రుచ్చు విధమును ఆయన వ్రాసినందులకు తరువాతివారు ఆయనను నిర్దయుడని నిందించిరి. బైరను కవి వారిలో నొకడు. ఆ నింద పూర్తిగా కొట్టివేయదగినది కాదు.

ఆ గ్రంథము ఆయన జీవించియుండగనే అయిదుమారులు ముద్రితమయ్యెను. ప్రతి కూర్పునందును ఆయన దిద్దుచు, చేర్చుచు నుండెను. తనకంటె ముప్పదియేడేండ్లు చిన్నవాడగు చార్లెసు కాటను ఆయనకు ప్రియమిత్రుడై, 1676వ సంవత్సరపు కూర్పునకు రెండవ భాగమును వ్రాసి యిచ్చెను. అంతలో రెండవ భార్యయగు ఆను 1662వ సంవత్సరమున గతించెను. వాల్టను తన స్నేహితుడైన బిషప్పు మోర్లీ ఆశ్రయమున నుండి, హూకరు, జార్జి హెర్బర్టు, శాండర్సను అను దైవభక్తుల చరిత్రములను రచించెను. కడపటిది ప్రకటించునప్పటికి ఆయనకు ఎనుబదియైదేండ్లు.

1683వ సంవత్సరము డిసెంబరు 15వ తేదీన, తొంబదవ యేట, వాల్టను వించెస్టరు నగరమున ప్రభువునందు నిద్రించెను. అచటి మహాదేవాలయమున ఆయన సమాధి గలదు. గాలపువేటగాండ్రు 1914వ సంవత్సరమున అందొక చిత్రపుటద్దముల కిటికీని ఆయన జ్ఞాపకార్థము నిలిపిరి. తన వీలునామాయందు ఆయన జన్మస్థలమగు స్టాఫర్డును మరువలేదు. కుమారుడు వివాహితుడు గానిచో, ఒక పొలపు రాబడి ఆ పట్టణమునకు చెందవలెననియు, దానితో ప్రతి సంవత్సరము బీదబాలుర నిద్దరిని పని నేర్చుకొనుటకు పంపవలెననియు, బీదకన్య యొకతె వివాహమునకు సాయపడవలెననియు, శీతకాలమున దరిద్రులకు బొగ్గు పంచవలెననియు వ్రాసెను. కుమారుడు అవివాహితుడుగనే మరణించెను గనుక పట్టణమునకు ఆ పొలము దక్కెను.

విద్యార్థులారా, తండ్రిలేని బాలుడును, బిడ్డలను పోగొట్టుకొన్న తండ్రియు, ఓడినపక్షమువాడునైన యీ మనుష్యుడు కక్షతో నిండిన గ్రంథమును వ్రాయలేదు. నీటిపై బెండు కదలువరకు నెమ్మదిగా కనిపెట్టుటను నేర్చెను. నేర్చినదానిని ఇతరులకు పంచెను. తన వెనుక బీదపిల్లలకు దారి చూపి పోయెను. మీలో చెరువుగట్టున గాలము వేయువారు ఆయనను స్మరించి, చిన్నచేపను తిరిగి నీట విడుతురు గాక.