ప్రకాశం పంతులుగారు - స్వరాజ్య పత్రిక

నెల్లూరు సముద్రతీరమున కృష్ణపట్నము ప్రాచీనమైన రేవు. దాని చెంతనే బకింగ్‌హాము కాలువ సాగుచున్నది. పూర్వము ఈ తీరవాసులు పడవలెక్కి ఆ కాలువ వెంట చెన్నపట్టణమునకు పోవుచుండెడివారు. ఆ పట్టణమే నాడు విద్యకును, వ్యాపారమునకును, వార్తాపత్రికలకును నిలయము. ఈ తీరముననే ఉత్తరముగా నున్న ఒంగోలు 1904వ సంవత్సరము వరకు నెల్లూరు జిల్లాలోని తాలూకా. ఆ ప్రాంతమందలి వినోదరాయునిపాలెమున 1872వ సంవత్సరము ఆగస్టు 23వ తేదిన టంగుటూరి ప్రకాశం పంతులుగారు జన్మించిరి.

ఆయన పదునొకండవ యేట తండ్రి గోపాలకృష్ణయ్యగారు మరణించిరి. తల్లి సుబ్బమ్మగారు ఒంగోలులో పూటకూళ్లయిల్లు నడిపి బిడ్డలను పోషించిరి. హనుమంతరావు నాయుడుగారను ఉపాధ్యాయుడు బాలుని తెలివిని గుర్తించి, రాజమహేంద్రవరమునకు తోడుకొనిపోయి చదివించిరి. ప్రకాశముగారు న్యాయవాదియై, ఆ పట్టణ పురపాలక సంఘమునకు అధ్యక్షులై, పిదప ఇంగ్లాండునకేగి బారిస్టరు పట్టము పొంది 1907లో మరలివచ్చిరి. చెన్నపట్టణపు ఉన్నత న్యాయస్థానమున ఆయన వాదనాపటిమకు సాటి లేదని పేరు వచ్చెను. ధనము వరదవలె వచ్చిపడెను.

1921లో గాంధీమహాత్ముని పిలుపు నందుకొని ఆయన ఆ వృత్తిని ఒక్కసారిగా విడిచిరి. నాడు చెన్నపట్టణమున పత్రికలకు కొదువ లేదు. కాని 'మెయిల్' తెల్లవర్తకుల పక్షమున పలుకుచుండెను. 'జస్టిస్' ఆ పేరుగల పార్టీ పత్రిక. అనీబిసెంటమ్మగారి 'న్యూ ఇండియా' సహాయనిరాకరణమును వ్యతిరేకించుచుండెను. పత్రిక యెవరి సొత్తో వారి కన్నులతోనే పాఠకుడు లోకమును చూడవలసి వచ్చుచుండెను. సహాయనిరాకరణోద్యమము మాటను నిర్భయముగా చాటు పత్రిక వేరొకటి కావలెనని ప్రకాశముగారు తలంచి, ఆ యేడే 'స్వరాజ్య' అను ఆంగ్ల దినపత్రికను స్థాపించిరి.

ఆ పత్రిక ఒక్క ధనికుని సొత్తు కారాదని ఆయన ఆశయము. అందుచే వాటాలు విక్రయించి మూలధనము సమకూర్చుటకు ఊరూర తిరిగిరి. పత్రిక తెలుగు, తమిళ భాషలలోను వెలువడెను. పండితుడైన కె. ఎం. పణిక్కరుగారు కొంతకాలము దానికి సంపాదకులుగా నుండిరి. నెల్లూరు జిల్లా కావలిలో జన్మించిన ఖాసా సుబ్బారావుగారు అందు పనిచేసి, తరువాత దేశమున నిర్భయుడైన పత్రికారచయితగా ప్రసిద్ధి గాంచిరి.

అయితే ఆశయముతో కాగితము దొరకదు, సిరా దొరకదు. రాబడి చాలని మాసములలో ప్రకాశముగారు తమ సొంత సొమ్ము తెచ్చి పోసిరి. బారిస్టరుగా గడించిన ఆస్తి క్రమముగా కరగిపోయెను. 1928 ఫిబ్రవరి 3వ తేదిన సైమను సంఘమునకు నిరసనగా చెన్నపట్టణమున హర్తాళు జరిగినపుడు ఆయన తుపాకుల యెదుట రొమ్ము చూపి నిలిచిరి. ప్రజలాయనను ఆంధ్రకేసరి యనిరి. కాని తుపాకికి వెరవని ఆ ధీరునకు అప్పులవారిని తప్పించుకొను మార్గము లేకపోయెను. 1930లో ప్రభుత్వము ప్రత్యేక శాసనముచే పత్రికల నుండి ధరావతు కోర నారంభించెను. నాయకులు చెరసాలల పాలైరి. పదేండ్లకు పైగా నడచిన స్వరాజ్య చివరకు నిలిచిపోయెను.

ఇచట నొక ధర్మసందేహము కలుగును. సర్వస్వము కోలుపోయిన ప్రకాశముగారికి ప్రజలు సభలు చేసి నిధులు సమర్పించిరి. ఆయన వానిని సొంత అవసరములకు వాడుకొనిరి. ప్రజాసేవకునికి ఇది తగదని గాంధీమహాత్ముడు ఆక్షేపించి, 1946లో ఆయన మదరాసు ప్రధానమంత్రి యగుటకు సమ్మతింపలేదు. ప్రజలు తమకొరకే యిచ్చిన ధనమని ప్రకాశముగారి సమాధానము. శాసనసభ్యులు ఆయననే నాయకునిగా ఎన్నుకొనిరి. ఆయన త్యాగమును ఎవరును శంకింపలేదు. అయినను ప్రజల ధనము చేత పట్టినవాడు లెక్కను కూడ ప్రజల ముందుంచవలెనను గాంధీజీ మాట త్రోసివేయరానిది. పత్రికకును ఇదే ధర్మము. తన వెనుక నెవరి ధనమున్నదో దాచక చెప్పిన పత్రికను, దాని పక్షము నచ్చనివారు సైతము నమ్మి చదువుదురు.

1953 అక్టోబరు 1వ తేదిన ప్రకాశముగారు ఆంధ్రరాష్ట్రమునకు తొలి ముఖ్యమంత్రి యైరి. 1957 మే 20వ తేదిన హైదరాబాదులో కన్నుమూసిరి. లక్షలు గడించిన ఆ బారిస్టరు వెనుక ఆస్తి యేమియు మిగులలేదు. నెల్లూరు, గుంటూరు, కర్నూలు జిల్లాల భాగములతో 1970లో ఏర్పడిన ఒంగోలు జిల్లాకు 1972లో ప్రకాశం జిల్లా యని పేరు పెట్టిరి.