కెరటాల మర్మమెరిగిన డ్యూక్ కహనమోకు

ఒడ్డున నిలిచి చూచేవారికి సముద్రంలోని కెరటాలన్నీ ఒక్కలాగే తోస్తాయి. ఏ కెరటం ఎక్కడ లేచి, ఏ వైపునకు విరిగి, ఎక్కడ అణగిపోతుందో వాటి నడుమ పెరిగినవారికే తెలుస్తుంది. ఆ తెలివిని వినోదానికే గాక ప్రాణరక్షణకు కూడా వినియోగించిన ధన్యజీవి డ్యూక్ కహనమోకు.

ఆయన 1890 ఆగస్టు 24న పసిఫిక్ మహాసముద్రంలోని హవాయి దీవులలో, హోనొలూలూ నగరంలో జన్మించారు. డ్యూక్ అన్నది బిరుదు కాదు. తండ్రి పేరే కుమారునికీ వచ్చింది. బాల్యమంతా వైకీకీ తీరాన గడిచింది. అక్కడి నీరు ఏడాది పొడుగునా వెచ్చగా ఉంటుంది. దక్షిణార్ధగోళపు తుఫానులలో పుట్టిన అలలు వేల మైళ్లు సాగివచ్చి వేసవిలో ఆ తీరాన్ని చేరుతాయి. అడుగున పగడపు దిబ్బ క్రమంగా మెరక అయిన చోట, అల ఒక్కుమ్మడిగా కూలిపోక ఒక కొస నుండి మరొక కొసకు విరుగుతూ పోతుంది. పలకపై నిలిచి స్వారీ చేయడానికి తగిన అల అదే. పూర్వం సెలయేళ్ల మంచినీరు కలిసిన చోట్ల పగడం పెరగక, దిబ్బ మధ్య లోతైన దారులు ఏర్పడ్డాయి. అక్కడ అల విరగదు గనుక లోనికి పోవడానికి అవే మార్గాలు. వీటిని గుర్తించడం హవాయి ప్రజల తరతరాల విద్య. పంతొమ్మిదవ శతాబ్దంలో క్షీణించిన ఆ విద్యకు మరల జీవం పోసినవారిలో డ్యూక్ అగ్రగణ్యులు.

1911లో హోనొలూలూ నౌకాశ్రయంలో జరిగిన పోటీలో ఆయన నూరు గజాలను 55.4 సెకన్లలో ఈది, అప్పటి ప్రపంచ రికార్డును నాలుగు సెకన్లకు పైగా తగ్గించారు. అమెరికాలోని క్రీడాధికారులు ఆ లెక్కను అంగీకరించలేదు. ఆయన వాదులాటకు దిగలేదు. మరుసటి సంవత్సరం స్టాక్‌హోమ్ ఒలింపిక్ క్రీడలలో నూరు మీటర్ల ఈతలో స్వర్ణపతకం గెలిచి, చేతలతోనే సమాధానమిచ్చారు. 1920లో ఆంట్వెర్ప్ నగరంలో ఆ విజయాన్ని పునరావృతం చేశారు. ఈ నడుమ ఆస్ట్రేలియా వెళ్లి, సిడ్నీ సమీపాన ఫ్రెష్‌వాటర్ తీరంలో కలపతో పలక సిద్ధం చేసుకుని, ఆ దేశీయుల ఎదుట కెరటాల స్వారీని ప్రదర్శించారు.

అయితే ఆయన జీవితంలో పతకాలను మించిన ఘట్టం మరొకటున్నది. కాలిఫోర్నియాలోని న్యూపోర్ట్ రేవు ముఖద్వారం వద్ద, కరోనా డెల్ మార్ అనే చోట మంచి అలలు లేచేవి. పలక స్వారీకి మేలైన ఆ అలలే పడవలకు మృత్యుముఖాలు. 1925 జూన్ 14న థెల్మా అనే చేపల వేట పడవ రేవు ద్వారం దగ్గర పెద్ద కెరటాలకు చిక్కి తలక్రిందులైంది. అందులో పదిహేడుగురున్నారు. సమీపంలోనే ఉన్న డ్యూక్ తన పలకతో ఉరవడిలోకి దూకి, మూడు పర్యాయాలు పోయి ఎనిమిది మందిని ఒడ్డు చేర్చారు. మిత్రులు మరి నలుగురిని రక్షించారు. ఐదుగురు దక్కలేదు. ఆనాటి నుండి ఆ తీరంలోని రక్షకభటులకు పలక కూడా ఒక సాధనమైంది. తరువాత 1936 నాటికి రాతిగట్లు పొడిగించి రేవును సురక్షితం చేయగా, ప్రసిద్ధమైన ఆ అలలు కనుమరుగయ్యాయి.

డ్యూక్ రెండు దశాబ్దాలకు పైగా హోనొలూలూ షెరీఫ్‌గా ప్రజాసేవ చేసి, 1968 జనవరి 22న దివంగతులయ్యారు. ఆయన చితాభస్మాన్ని వైకీకీ సముద్రంలోనే కలిపారు.

విద్యార్థి మిత్రులారా! ఆటగా అభ్యసించిన విద్య ఒకనాడు ఎనిమిది ప్రాణాలను నిలిపింది. మనం నేర్చే ఏ విద్య ఎప్పుడు ఎవరికి అక్కరకు వస్తుందో ముందుగా తెలియదు. ఆ సమయం వచ్చినప్పుడు వెనుదీయక ముందుకు సాగడమే డ్యూక్ కహనమోకు జీవితం మనకు నేర్పే పాఠం.