మన నీలం మాత్ర వెనక ఉన్న మనిషి

ఈసారి నేను డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు గారి జీవితం రాస్తున్నాను. ముందుగా నా తప్పు ఒకటి ఒప్పుకోవాలి.

మనకు వారానికి ఒకసారి నీలం రంగు మాత్ర ఇస్తారు గదా. నేను నోట్లో వేసుకున్నట్టే చేసి కిటికీ అవతల పారేసేదాన్ని. మింగితే కడుపులో తిప్పుతది, దొడ్డికి నల్లగ అయితదని భయం. ఒకరోజు ప్రార్థనలో నిలబడ్డప్పుడు కండ్లు తిరిగి పడ్డాను. రక్తం చూస్తే 9.2 గ్రాములే ఉంది. నా వయసు ఆడపిల్లకు 12కు తగ్గొద్దట.

దసరాకు తండాకు పోయినప్పుడు మా పెద్దమ్మ బిడ్డ వచ్చింది. అక్క నర్సింగ్ చదువుతున్నది, పరీక్షలు దగ్గరకొచ్చినయి. మా ఇంట్ల యాడికి గాని బాపుకు గాని మాత్రల అట్ట మీద ఏమున్నదో చదవరాదు. అక్క చదివి చెప్పింది. అందులో ఇనుము, ఫోలిక్ యాసిడ్ ఉన్నయి. ఫోలిక్ యాసిడ్‌ను మందుగా తయారు చేసింది మన తెలుగాయన నడిపించిన బృందమే అని చెప్తే నేను నమ్మలేదు. అప్పుడు ఆయన కథంతా చెప్పింది.

సుబ్బారావు గారు 1895 జనవరి 12న భీమవరంలో పుట్టారు. తండ్రి జగన్నాథం, తల్లి వెంకమ్మ. ఇంట్లో డబ్బుకు చాలా ఇబ్బంది. చిన్నప్పుడు కాశీలో యాత్రికులకు అరటిపండ్లు అమ్మి సంపాదిద్దామని ఇల్లు విడిచి పారిపోయారు. తల్లి వెనక్కి తెప్పించి పట్టుబట్టి చదివించింది. అయినా మెట్రిక్ రెండుసార్లు తప్పారు. మూడోసారి పాసయ్యారు. టెన్త్ అంటే భయపడే అక్కలు ఈ మాట గుర్తు పెట్టుకోండి.

తర్వాత మద్రాసు మెడికల్ కాలేజీలో చేరారు. గాంధీ గారి పిలుపు విని ఖద్దరు కట్టారు. అది ఒక ఇంగ్లీషు ప్రొఫెసర్‌కు నచ్చలేదు. బాగా చదివినా ఎం.బి.బి.ఎస్. డిగ్రీ ఇవ్వకుండా దానికన్న తక్కువదైన ఎల్.ఎం.ఎస్. ఇచ్చారు.

ఆ రోజుల్లోనే స్ప్రూ అనే జబ్బుతో ఆయన అన్నదమ్ములిద్దరు కొద్ది రోజుల తేడాలో చనిపోయారు. స్ప్రూ వస్తే విరేచనాలు ఆగవు, తిన్నది ఒంటికి పట్టదు, రక్తం తగ్గి మనిషి ఎండిపోతాడు. ఆయనకు కూడా వచ్చింది. ఆయుర్వేద వైద్యంతో బతికారు. అప్పటి నుంచి జబ్బులకు మందు కనుక్కోవాలనే పట్టుదల పెరిగింది.

మామగారి సాయంతో, కాకినాడ మల్లాడి సత్యలింగ నాయకర్ ధర్మసంస్థ సాయంతో 1920లలో అమెరికాలోని బోస్టన్ పోయారు. అక్కడ చేతిలో డబ్బులు లేవు. రాత్రిపూట ఆస్పత్రిలో రోగుల బెడ్‌పాన్లు ఎత్తి కడిగే పని చేశారు. పగలు హార్వర్డ్‌లో చదువు. ఈ మాట చెప్పేటప్పుడు అక్క గొంతు మారింది. బెడ్‌పాన్ ఎత్తే పిల్ల అని ఆమెను కూడా ఊర్లో ఎగతాళి చేసినోళ్లున్నారు.

ఫిస్కే అనే ఆయనతో కలిసి 1925లో రక్తంలో, మూత్రంలో భాస్వరం ఎంతుందో కొలిచే పద్ధతి కనిపెట్టారు. మన కండరాలకు శక్తినిచ్చే ఏ.టి.పి. మీద కూడా పని చేశారు. అంత చేసినా హార్వర్డ్‌లో పర్మినెంటు ఉద్యోగం ఇవ్వలేదు. 1940లో లెడర్లీ అనే మందుల కంపెనీలో చేరారు.

అక్కడ ఆయన బృందం 1945లో ఫోలిక్ యాసిడ్‌ను తయారు చేసింది. ఫోలిక్ అన్న పేరు ఆకు అనే అర్థం వచ్చే లాటిన్ మాట నుంచి వచ్చింది. పాలకూర వంటి ఆకుకూరల్లో అది ఉంటది. అది తక్కువైతే ఎర్రకణాలు పెద్దగా అయితయి గాని సంఖ్య తగ్గుతది, మనిషికి ఆయాసం వస్తది. కడుపులో బిడ్డ వెన్ను, మెదడు మొదటి నెలల్లోనే తయారైతయి, అప్పుడు ఫోలిక్ యాసిడ్ చాలకపోతే లోపం రావచ్చు. అందుకే గర్భం రాకముందు నుంచే ఒంట్లో ఉండాలట. నర్సు పరీక్షకు ఇది ముఖ్యమైన ప్రశ్న అని అక్క చెప్పింది.

బోదకాలు జబ్బుకు మా తండాకొచ్చి మింగించిన డి.ఇ.సి. మాత్ర కూడా 1947లో ఆయన బృందం నుంచే వచ్చింది. పిల్లల రక్త క్యాన్సర్ మీద మొదట పని చేసిన మందు కూడా అక్కడిదే. ఆయన నడిపించిన పరిశోధనలోనే డగ్గర్ అనే ముసలాయన మట్టిలోని సూక్ష్మజీవి నుంచి మొదటి టెట్రాసైక్లిన్ తీశారు. 1948లో అది లోకానికి తెలిసింది.

ఆ ఏడాదే ఆగస్టులో, 53 ఏండ్లకే, సుబ్బారావు గారు నిద్రలోనే చనిపోయారు. మళ్లీ మన దేశం రాలేదు. భార్య శేషగిరి గారు ఇక్కడే ఉండిపోయారు. ఆమె ఎంత ఎదురుచూసి ఉంటదో అని నాకు బాధనిపించింది. 1995లో ఆయన నూరేండ్ల పండుగకు తపాలా బిళ్ల వేశారు.

నాకు అన్నిటికన్న నచ్చింది ఒకటుంది. ఆయన అన్నదమ్ములను చంపిన స్ప్రూకు ఇప్పుడు డాక్టర్లు ఇచ్చే మందులు ఫోలిక్ యాసిడ్, టెట్రాసైక్లిన్. రెండూ ఆయన ఉన్నచోట నుంచే వచ్చినయి. తన వాళ్లకు అందలేదు గాని మనకు అందినయి.

చెల్లెళ్లారా, మాత్ర అన్నం తిన్నంక మింగండి, కడుపులో తిప్పదు. నిమ్మకాయ, ఉసిరి మంచివి. మింగినంక వెంటనే టీ తాగొద్దు. దొడ్డికి నల్లగ అయితే అది ఇనుము వల్ల, భయం లేదు. నేనిప్పుడు మేడం ముందరనే మింగుతున్నాను. మొన్న చూస్తే 10.8 ఉంది. పన్నెండు అయినప్పుడు ఈ గోడ మీదనే రాస్తాను.