హ్యూగో డి వ్రీస్: మఱుగుపడిన తొలికృషి

డి వ్రీస్ పేరు వినగానే మన విద్యార్థులకు మెండెల్ జ్ఞప్తికి వచ్చును. మఱచిపోయిన మెండెల్ సూత్రములను 1900లో వెలికిదెచ్చిన వారిలో ఆయన యొకడు. కాని అంతకు పదునైదేండ్ల పూర్వమే ఆయన చేసిన కృషి నా దృష్టిలో అంతకన్న గట్టిది. దానిని తలచువారు తక్కువ.

ఆయన 1848లో హాలండులోని హార్లెమ్ పట్టణమున జన్మించెను. లైడెన్‌లో చదివి, జర్మనీలో జూలియస్ సాక్స్ వద్ద వృక్షశరీరధర్మ శాస్త్రమున ఆరితేరి, ఆమ్‌స్టర్‌డామ్ విశ్వవిద్యాలయమున ఆచార్యుడయ్యెను.

మొక్క కణము నడుమ రసముతో నిండిన రిక్తిక యుండును. పేరునకు అది శూన్యమే. 1885లో డి వ్రీస్, నూటికి పదిపాళ్లు పెట్లుప్పు గల ద్రావణమున ఇయోసిన్ అను ఎఱ్ఱరంగు కలిపి, కణములను అందుంచి సూక్ష్మదర్శినితో పరీక్షించెను. వెలుపలి జీవపదార్థము చచ్చి ఎఱ్ఱబారెను. రిక్తిక మాత్రము రంగును లోనికి రానీయక, ముడుచుకొని బుడగవలె నిలిచెను. అనగా దానికి సజీవమైన పొర వేఱుగా కలదన్నమాట! కణమునకు బిగువు నిచ్చునది గనుక దానికి టోనోప్లాస్ట్ అని పేరిడెను.

కణములో పదార్థముల రవాణాను గూర్చియు ఆయన ఆ యేడే వ్రాసెను. పదిపాళ్ల ద్రావణమునుండి ఒక్క మిల్లిగ్రాము చక్కెర వ్యాపనము వలన మీటరు దూరము పోవుటకు రెండున్నర యేండ్లకు పైగా పట్టునని లెక్క తేలినది. పెద్ద అణువులైన మాంసకృత్తుల మాట చెప్పనేల? కావున జీవపదార్థపు ప్రవాహమే వాహకమని ఆయన వాదించెను.

డార్విన్ కీటకాహారియగు డ్రోసిరా ఆకునకు మాంసమును తినిపించి, దాని కణములలో ఊదారంగు ముద్దలు ఏర్పడుట చూచి 1875లో ప్రకటించియుండెను. అవి జీవపదార్థపు ముద్దలు కావు, రిక్తికయే చిన్న చిన్న రిక్తికలుగా విడిపోవుచున్నదని డి వ్రీస్ 1886లో వివరించెను. అప్పటికి డార్విన్ గతించి నాలుగేండ్లైనది.

పూర్వపు రిక్తిక విభజన వలననే క్రొత్త రిక్తిక పుట్టునన్న ఆయన ఊహ నిలువలేదు. కాని పొర నిలిచినది. కంది, పెసర గింజలలో మాంసకృత్తులు అంతర్జీవద్రవ్య జాలకమున తయారై, చిన్న సంచులలో రిక్తికను చేరి నిలువయుండునని నేడు తెలియును. మొలకెత్తు వేళ అందలి ఎంజైములు వానిని అమైనో ఆమ్లములుగా విడగొట్టగా, అవి ఆ పొరను దాటి మొలకకు అందును. కణమునకు అక్కఱ తీరిన మాంసకృత్తులలో కొన్ని కూడ ఈ రిక్తికలోనే జీర్ణమగును. తక్కినవి ప్రోటియసోమ్ అను వేఱొక యంత్రమున తునుకలగును.

1886లోనే హిల్వర్సమ్ దాపున పాడుపడిన బంగాళాదుంపల చేనిలో ఈనోథెరా మొక్కల వైచిత్ర్యము ఆయన కంటబడెను. అటుపై ఆయన మనస్సు వంశపారంపర్యము వైపు మరలెను. వానిలో ఆయన చూచిన మార్పులలో పెక్కు క్రోమోసోముల వింత అమరిక వలన కలిగినవని తరువాత తేలినది. 1918లో పదవీ విరమణ చేసి, లుంటెరెన్ గ్రామమున తోట పెంచి పరిశోధనలు సాగించుచు, 1935లో అక్కడనే కన్నుమూసెను.