సముద్రం అడుగున ఒక పేరు: ఆచార్య సి. మహాదేవన్ గారు

కువైట్ సముద్రపు ఒడ్డున ఆడుకుని ఇంటికొచ్చాక చెప్పులు దులిపితే లేత రంగు ఇసుక రాలుతుంది కదా. వేసవి సెలవుల్లో విశాఖపట్నం, భీమిలి వెళ్లినవాళ్లు అక్కడి ఇసుకలో నల్లని చారలు చూసే ఉంటారు. అది మురికి అనుకుని కాలు వెనక్కి తీసుకున్న పిల్లలు మన బడిలోనూ ఉన్నారు. ఆ నల్ల ఇసుకలో ఏముందో శ్రద్ధగా పరిశీలించిన ఒక ఆచార్యుడి గురించి ఈ సంచికలో చెబుతున్నాం.

మహాదేవన్ గారు 1901లో పుట్టారు. తమిళులు. తెలుగు నేల ఆయనకు పుట్టిల్లు కాదు, పని చేసిన చోటు. బతుకుతెరువు కోసం ఇంత దూరం వచ్చిన మనకు ఆ మాట కొంచెం దగ్గరగానే అనిపిస్తుంది.

1920వ దశకంలో ఆయన కలకత్తాలో సి.వి. రామన్ గారి ప్రయోగశాలలో పని చేశారు. రామన్ గారికి నోబెల్ బహుమతి తెచ్చిన పరిశోధన జరిగింది అక్కడే. చుట్టూ అందరూ వెలుతురు గురించి ఆలోచిస్తుంటే ఈయన రాళ్లు పట్టుకుని కూర్చున్నారు. కార్డియరైట్ అనే ఖనిజాన్ని పలుచగా అరగదీసి సూక్ష్మదర్శినిలో చూస్తే, ఒక్కోచోట చిన్న నలుసు, దాని చుట్టూ గుండ్రంగా రంగు వలయం కనిపిస్తాయి. ఆ నలుసులో యురేనియం, థోరియం వంటి పదార్థాలు ఉంటాయి. వాటినుంచి వెలువడే ఆల్ఫా కణాలు కోట్ల సంవత్సరాలపాటు చుట్టూ ఉన్న రాయిని తాకి తాకి ఆ రంగు తెస్తాయి. వలయం వెడల్పు మిల్లీమీటరులో కొన్ని వందో వంతులే. ఆ కణం ఎంత దూరం పోగలిగితే వలయం అంత వరకే. ఈ వలయాల మీద ఆయన పత్రం 1927లో వచ్చింది. బొగ్గును కూడా ఎక్స్‌రే తీసి, అందులో మెరిసే పొరకూ మసక పొరకూ లోపలి అమరికలో తేడా ఏమిటో చూశారు. మనం చేయి విరిగితే తీయించుకునే ఎక్స్‌రేయే!

ఆ తర్వాత హైదరాబాదు సంస్థానం భూగర్భ శాఖలో చేరారు. అద్దాల గది వదిలి ఎండలో నడక మొదలుపెట్టారన్నమాట. గుల్బర్గా జిల్లా దక్షిణ భాగపు రాతి పొరల గురించి ఆయన రాసినది 1947లో అచ్చయింది. మీ తాతగారింట్లో నేల మీద పరిచిన షాబాదు బండలు ఆ ప్రాంతపు సున్నపురాయే. ఈసారి వెళ్లినప్పుడు చెప్పులు విడిచి నిలబడి చూడండి, చల్లగా ఉంటుంది.

అక్కడినుంచి విశాఖపట్నంలోని ఆంధ్ర విశ్వవిద్యాలయానికి వచ్చారు. యుద్ధం అప్పటికే ఆ ఊరిని తాకింది. 1942 ఏప్రిల్ 6న విశాఖ మీద జపాన్ బాంబులు పడ్డాయి. విశ్వవిద్యాలయం కొన్నాళ్లు గుంటూరుకు తరలిపోయింది. 1990లో సామాన్లు వదిలేసి కువైట్ నుంచి వెళ్లిపోయి, మళ్లీ వచ్చి సంసారం మొదలుపెట్టిన మన పెద్దలకు అటువంటి రోజులు విడమర్చి చెప్పనక్కరలేదు. మహాదేవన్ గారు అక్కడి భూగర్భ శాస్త్ర శాఖకు అధిపతిగా ఉండి, ఆ శాఖను నిలబెట్టారు.

ఇక నల్ల ఇసుక సంగతి. సింహాచలం కొండ, కైలాసగిరి, డాల్ఫిన్స్ నోస్ అన్నీ ఖోండలైట్ అనే రాయి. తూర్పు కనుమల్లో నివసించే ఖోండుల పేరే దానికి పెట్టారు. వానలకు కొండలు అరిగి, వాగుల్లో కొట్టుకొచ్చి, చివరికి ఒడ్డున చేరతాయి. అల తేలిక రేణువులను వెనక్కి లాక్కుపోతుంది. బరువైనవి మిగులుతాయి. అవే గార్నెట్, ఇల్మెనైట్, జిర్కాన్, మోనజైట్. ఈ మోనజైట్‌లో థోరియం ఉంటుంది. 1948లో మహాదేవన్ గారు, శ్రీరామదాసు గారు కలిసి విశాఖ జిల్లా ఒడ్డు ఇసుకలోని మోనజైట్ గురించి పత్రం ప్రచురించారు. కలకత్తాలో సూక్ష్మదర్శిని కింద చూసిన నలుసే, ఇక్కడ ఒడ్డు పొడవునా దొరికిందని మేము అనుకుంటాం.

ఆయన శిష్యుల్లో ఉప్పుగుండూరి అశ్వత్థనారాయణ గారు ఒకరు. తర్వాతి కాలంలో టాంజానియా, మొజాంబిక్ దేశాల్లో పాఠాలు చెప్పారు. దేశం దాటి వెళ్లిన తెలుగువాళ్లలో రాళ్లు చదివేవాళ్లు కూడా ఉన్నారని మన పిల్లలకు తెలియాలి.

1950వ దశకంలో అమెరికా నుంచి యూజీన్ లాఫాండ్ అనే సముద్ర శాస్త్రవేత్త విశాఖ వచ్చి ఆంధ్ర విశ్వవిద్యాలయంలో పని చేశారు. ఒడ్డున ఆగిన చదువు అప్పుడు నీళ్లలోకి దిగింది. కొండ నుంచి వాగు, వాగు నుంచి ఒడ్డు, ఒడ్డు నుంచి సముద్రపు అడుగు. విద్యార్థులు ఓడ ఎక్కి లోతులు కొలిచారు, అడుగు మట్టి పైకి తీశారు.

మహాదేవన్ గారు 1962లో కన్నుమూశారు. రెండేళ్లకు, 1964లో, లాఫాండ్ బంగాళాఖాతం అడుగున మన తూర్పు తీరానికి ఎదురుగా ఉన్న మూడు పెద్ద లోయల గురించి పత్రం ప్రచురించారు. ఒకదాని పేరు ఆంధ్ర లోయ. ఇంకొకటి కృష్ణ లోయ. మూడోది మహాదేవన్ లోయ. ఆ సంగతి ఆయనకు తెలియదు. ఇంట్లో సముద్రపు అడుగు చూపించే పటం ఉంటే, అమ్మనో నాన్ననో పక్కన కూర్చోబెట్టుకుని విశాఖకు ఎదురుగా వేలు పెట్టి వెతకండి.