పెన్సిలిన్ పితామహుడు అలెగ్జాండర్ ఫ్లెమింగ్

పెన్సిలిన్ అనగానే బూజు పట్టిన గాజుపళ్ళెం గుర్తొస్తుంది. స్కూలు పుస్తకాల్లో కథ అక్కడితో అయిపోతుంది. అసలు కథ ఆ తర్వాతే ఉందని ఎం.ఎస్సీ.లో చేరాక తెలిసింది.

ఫ్లెమింగ్ 1881 ఆగస్టు 6న స్కాట్లాండ్‌లో ఒక రైతు కుటుంబంలో పుట్టారు. ఏడేళ్ళప్పుడు తండ్రి పోయారు. లండన్‌లో ఓడల కంపెనీలో నాలుగేళ్ళు గుమాస్తాగా పనిచేశారు. బంధువు వదిలివెళ్ళిన కొంత సొమ్ము చేతికి రావడంతో 1901లో సెయింట్ మేరీస్ ఆసుపత్రి వైద్య కళాశాలలో చేరారు. ఆ సొమ్మే రాకపోతే గుమాస్తాగానే ఉండిపోయేవారేమో! మన హాస్టల్ మిత్రులకు ఈ సంగతి విడమరిచి చెప్పక్కర్లేదు.

మొదటి ప్రపంచయుద్ధంలో ఫ్రాన్స్‌లో గాయపడిన సైనికులను చూస్తూ ఆయన ఒక విషయం గమనించారు. గాజుగొట్టంలో క్రిములను చంపే మందులు లోతైన గాయంలో పనిచేయడం లేదు. పైగా క్రిములతో పోరాడే తెల్ల రక్తకణాలనే చంపుతున్నాయి. గొట్టం వేరు, ఒళ్ళు వేరు.

1928లో పెన్సిలిన్‌ను కనుగొన్నారు. దాన్ని శుద్ధిచేసి మందుగా మార్చింది మాత్రం ఆక్స్‌ఫర్డ్‌లో ఫ్లోరీ, చెయిన్, వారి బృందం. ఆ ఘనత కూడా ఫ్లెమింగ్‌కే కట్టబెట్టడం న్యాయం కాదు. 1941లో వాళ్ళు ఒక పోలీసుకు ఈ మందు ఇచ్చారు. అది మూత్రంలో త్వరత్వరగా బయటికి పోతుంటే, మూత్రం నుంచి తీసి మళ్ళీ ఎక్కించారు. కోలుకుంటున్న మనిషి, మందు నిండుకోవడంతో చనిపోయాడు.

1942లో ఫ్లెమింగ్ చేతికి మెదడు పొరల వాపుతో చావుబతుకుల్లో ఉన్న రోగి వచ్చాడు. ఫ్లోరీ పంపిన పెన్సిలిన్‌ను కండకు ఇంజెక్షన్‌గా ఇచ్చారు. కొంత తేరుకున్నా జబ్బు పోలేదు. క్రిమి చూస్తే మందుకు లొంగేదే! వెన్నునీరు తీసి పరీక్షిస్తే అందులో మందు దాదాపు లేదు. నేరుగా వెన్నులోకే ఎక్కించారు. రోగి బతికాడు.

1945లో ముగ్గురికీ నోబెల్ బహుమతి వచ్చింది. చాలీచాలని మోతాదు వాడితే క్రిములు చావకుండా మందును తట్టుకోవడం నేర్చుకుంటాయని ఆ ప్రసంగంలోనే ఫ్లెమింగ్ హెచ్చరించారు. 1955 మార్చి 11న కన్నుమూశారు.

క్రిమి పెరగకుండా ఆపే కనీస మోతాదును ల్యాబులో కొలుస్తారు. అంత మందు జబ్బున్న చోటికి చేరుతుందా, డోసుకూ డోసుకూ మధ్య ఎంతసేపు నిలుస్తుంది అన్నది చూశాకే లొంగుతుందా, మొండిదా అనే హద్దు గీస్తారు. న్యుమోకాకస్ అనే క్రిమికి అమెరికాలోని సి.ఎల్.ఎస్.ఐ. సంస్థ 2008లో పెన్సిలిన్ ఇంజెక్షన్‌కు రెండు హద్దులు పెట్టింది. న్యుమోనియాలో మిల్లీలీటరుకు 2 మైక్రోగ్రాముల వరకు లొంగినట్టే. మెదడు పొరల వాపులో 0.06 వరకే. అంటే 1 మైక్రోగ్రాముకు ఆగే క్రిమి ఊపిరితిత్తుల్లో దొరికితే లొంగేది, వెన్నునీటిలో దొరికితే మొండిది.