పండిత రమాబాయి జీవితము

భక్తి యనగానే పలువురకు స్ఫురించునది ఏకాంతవాసము, ధ్యానము, లోకవ్యాపారములనుండి విరమించుట. కాని వంటయింటి పొగలోను, రోగుల పడకల ప్రక్కను, అచ్చుకూటపు మసిలోను దైవమును వెదకి కనుగొనినవారును కలరు. అట్టివారిలో ఎన్నదగినది పండిత రమాబాయి. సంస్కృత పాండిత్యముచే కలకత్తా పండితులను మెప్పించిన విదుషీమణిగను, స్త్రీవిద్యకై పాటుపడిన సంస్కర్తగను ఆమె పేరు దేశమంతట ప్రసిద్ధమే. ఆ కీర్తి వెనుక, నష్టము మీద నష్టము తగులుచున్నను నిత్యకృత్యములనే ఆరాధనగా మలచుకొనిన ఒక క్రైస్తవ భక్తురాలి జీవితము దాగియున్నది.

రమాబాయి 1858వ సంవత్సరము ఏప్రిల్ 23వ తేదీన పడమటి కనుమలలోని గంగామూల యను అరణ్యప్రదేశమున జన్మించెను. తండ్రి అనంతశాస్త్రి డోంగ్రే చిత్పావన బ్రాహ్మణుడు, గొప్ప సంస్కృత పండితుడు. స్త్రీలకు సంస్కృతము నేర్పరాదను ఆనాటి కట్టుబాటును పాటింపక, ఆయన తన భార్య లక్ష్మీబాయికి స్వయముగా కావ్యపురాణములు బోధించెను. పెద్దలు ఆక్షేపింపగా శాస్త్రప్రమాణములు చూపి తన పక్షమును సమర్థించుకొనెను. పిదప అడవిలో ఇల్లు కట్టుకొని, వచ్చిన విద్యార్థులకు విద్యాదానము చేయుచు, యాత్రికులకు అన్నము పెట్టుచు కాలము గడపెను. ఆ దానధర్మములచే ఆస్తి హరించిపోగా, రమాబాయి ఆరు నెలల పసిబిడ్డగా నున్నప్పుడే ఆ కుటుంబము తీర్థయాత్రలకు బయలుదేరెను. ఆ పసిబిడ్డను బుట్టలో పరుండబెట్టి మోసికొనిపోయిరి.

నాటినుండి వారికి స్థిరమైన ఇల్లు లేకుండెను. కాలినడకను క్షేత్రమునుండి క్షేత్రమునకు పోవుచు, ఆలయములయందు పురాణములు చదువుచు, వినువారొసగు దక్షిణలతో జీవించుచుండిరి. తండ్రి వృద్ధుడగుటచే రమాబాయికి విద్య నేర్పు భారము తల్లిపై పడెను. తెల్లవారకమునుపే ఆ తల్లి కుమార్తెను మేలుకొలిపి శ్లోకములు వల్లె వేయించెడిది. బాల్యముననే రమాబాయికి భాగవతములోని వేలకొలది శ్లోకములు కంఠస్థములయ్యెను.

1870వ దశకమున దక్షిణ దేశమును పీడించిన కరవు ఆ కుటుంబమును కూల్చివేసెను. చేతనున్న ధనమంతయు వ్రతములకును దానములకును వెచ్చింపబడెను. నగలు, పట్టుబట్టలు, తుదకు వంటపాత్రలును అమ్ముడుపోయెను. పండిత కుటుంబమగుటచే కూలిపని చేయుటకు అభిమానమడ్డు వచ్చెను. చేయుదమన్నను ఏ పనియు వారికి రాదు. ఆకులలములు తిని దినములు గడపిన పిమ్మట తండ్రియు, తల్లియు, అక్కయు ఒకరి వెనుక నొకరు కన్నుమూసిరి. చేతిపని నేర్వని విద్య ఆపత్కాలమున అన్నము పెట్టజాలదని రమాబాయి ఆనాడు నేర్చుకొనిన పాఠము ఆమె తరువాతి జీవితమునంతటిని తీర్చిదిద్దెను.

మిగిలిన అన్న శ్రీనివాసునితో ఆమె కాలినడకను దేశమంతయు తిరిగి, 1878లో కలకత్తా చేరెను. అచటి పండితులు ఆమెను పరీక్షించి, ఆ పాండిత్యమునకు అచ్చెరువొంది, పండిత, సరస్వతి యను బిరుదులొసగిరి. ఇన్ని క్షేత్రములు తిరిగినను ఆమె మనస్సునకు శాంతి లేకుండెను. పూర్వపు విశ్వాసము సడలిపోయెను, క్రొత్తది దొరకలేదు. 1880లో అన్నయు మరణించెను. అదే సంవత్సరమున ఆమె బిపిన్ బిహారీ దాస్ మేధావి యను వంగదేశపు వకీలును, కులభేదమును పాటింపక, చట్టరీతిని వివాహమాడెను. 1881లో మనోరమ యను కుమార్తె కలిగెను. ఆ కాలముననే భర్త పుస్తకములలో ఆమెకొక చిన్న పుస్తకము కనబడెను. అది వంగభాషలోనున్న లూకా సువార్త. దానిని ఆమె ఆసక్తితో చదువసాగెను, భర్తకది రుచింపలేదు. వివాహమై రెండేండ్లయినను నిండకముందే, 1882 ఫిబ్రవరిలో, ఆయన విషూచిచే మరణించెను. ఇరువదిమూడేండ్ల వయస్సున, చంకలో పసిబిడ్డతో, ఆమె వితంతువయ్యెను.

రమాబాయి పూనాకు వచ్చి, స్త్రీల అభ్యున్నతికై ఆర్యమహిళాసమాజమును స్థాపించెను. ఆ సంవత్సరమే హంటర్ విద్యాసంఘము ఎదుట సాక్ష్యమిచ్చుచు, స్త్రీలకు స్త్రీ ఉపాధ్యాయులును, స్త్రీ వైద్యులును ఆవశ్యకమని వాదించెను. తానే వైద్యవిద్య నభ్యసింపదలచి 1883లో ఇంగ్లండునకు పోయెను. కాని చెవుడు ముదురుటచే ఆ ఆశ నెరవేరలేదు. వాంటేజి నగరములో ఆమెకు ఆశ్రయమిచ్చిన సన్యాసినులు, లండనులో సంఘము వెలివేసిన స్త్రీలను చేరదీసి పోషించుట ఆమె కన్నులార చూచెను. పతితలయెడ అంతటి కరుణ ఎచటినుండి పుట్టెనని విచారించి, సమరయ స్త్రీతో క్రీస్తు సంభాషించిన వృత్తాంతమును చదివి, ఆమె కదలిపోయెను. 1883 సెప్టెంబరు 29న కుమార్తెతో కూడ బాప్తిస్మము పొందెను.

అయినను ఆమె ఎవరి చెప్పుచేతలలోను నడచునది కాదు. తనకు బోధపడని సిద్ధాంతమును పెద్దలు చెప్పిరని మాత్రమే అంగీకరింపకుండెను. మతము మార్చుకొనినను శాకాహారమును, స్వదేశపు అలవాట్లను విడువలేదు. ఇందువలన గురువులకు ఆమెపై అసంతృప్తి కలిగెను. చెల్టెన్‌హాం స్త్రీల కళాశాలలో సంస్కృతము నేర్పుచు, ఆంగ్లము నభ్యసించి, 1886లో ఆమె అమెరికాకు పోయెను. తన బంధువగు ఆనందీబాయి జోషి ఫిలడెల్ఫియాలో వైద్యపట్టము పుచ్చుకొను సభకు హాజరగుట ఆ ప్రయాణమునకు కారణము. మరుసటి సంవత్సరము హిందూదేశపు అగ్రవర్ణ స్త్రీల స్థితిగతులపై ఒక ఆంగ్ల గ్రంథమును ప్రకటించెను. బోస్టను నగరమున ఆమె పేర నొక సంఘము ఏర్పడి, వితంతువుల పాఠశాలకు పదేండ్లు సాయము చేయుటకు పూనుకొనెను. ఆ సాయముతో 1889 మార్చి 11న బొంబాయిలో శారదా సదనము వెలసెను. మరుసటి సంవత్సరమది పూనాకు మారెను. అందు మొదట చేరిన విద్యార్థినులలో నొకరగు గోదూబాయి అను బాలవితంతువును 1893లో ధోండో కేశవ కర్వే వివాహమాడెను. 1916లో మహిళా విశ్వవిద్యాలయమును స్థాపించిన మహర్షి కర్వే ఆయనయే.

బయటి కార్యములు ఇట్లు వర్ధిల్లుచుండగా ఆమె అంతరంగమున ఒక వెలితి మిగిలియుండెను. బాప్తిస్మము పొంది ఏడెనిమిదేండ్లు గడచినను, తనకు మతము దొరకినదే గాని మతమునకు మూలమగు క్రీస్తు ఇంకను దొరకలేదని ఆమె గ్రహించెను. ప్రార్థనలు చేయుచుండెను, నియమములు పాటించుచుండెను, పరోపకారము చేయుచుండెను. హృదయము మాత్రము నిండలేదు. హాస్లం అను ఆంగ్ల మతాచార్యుని ఆత్మకథ ఆ దినములలో ఆమె చేతికి వచ్చెను. బోధకుడై యుండియు చాలకాలము నిజమైన మారుమనస్సు లేకుండిన ఆ మనుష్యుని కథలో ఆమె తన్ను తాను చూచుకొనెను. తన యోగ్యతచే గాక కృపచేతనే రక్షణ లభించునని నమ్మి, ఆమె తన బ్రతుకును దేవుని చేతిలో పెట్టెను. నాటినుండి ఆమె జీవితమున కష్టములు తగ్గలేదు. వానిని భరించు తీరు మారెను.

మొదటి పరీక్ష శీఘ్రముగనే వచ్చెను. శారదా సదనమున మతబోధ చేయనని ఆమె మాట యిచ్చియుండెను. కాని ఆమె తన గదిలో కుమార్తెతో ప్రార్థించునప్పుడు తలుపు తెరచియుండెడిది. ఇష్టమున్న బాలికలు వచ్చి కూర్చుండెడివారు. తమను నమ్మి పిల్లలను పంపిన సంరక్షకుల విశ్వాసమునకు ఇది భంగమని విమర్శకులు తలంచిరి. బాలికలు తమ పూజలు చేసికొనుటకు స్వేచ్ఛ యున్నట్లే, తన ప్రార్థనకును, వచ్చువారి రాకకును స్వేచ్ఛ యుండవలెనని ఆమె తలంచెను. పత్రికలలో తీవ్రమైన వాదములు చెలరేగెను. 1893లో రానడే, భాండార్కరు మొదలగు పెద్దలు సలహాసంఘమునుండి వైదొలగిరి. పలువురు సంరక్షకులు తమ బాలికలను తీసికొనిపోయిరి. ఆమెను తొలుత ఆదరించిన మిత్రులే దూరమైరి. ఆమె నొచ్చుకొనెను, కాని తలుపు మూయలేదు. మిగిలిన బాలికలతో పాఠములను యథావిధిగా సాగించెను.

బోస్టను సంఘము మాట యిచ్చిన పదేండ్లు ముగిసినచో గతి ఏమని యోచించి, ఫలవృక్షముల రాబడిపై పాఠశాలను నిలుపవలెనని ఆమె పూనాకు తూర్పున, రైలు మార్గము ప్రక్కనున్న కేడ్గాం గ్రామమున సుమారు నూరెకరముల భూమి కొనెను. తోట పెరుగుచుండగనే 1896–97లో మధ్యపరగణాలలో భయంకరమైన క్షామము వచ్చెను. తానొకప్పుడు ఆకలితో తిరిగిన దినములు ఆమెకు జ్ఞప్తికి వచ్చెను. స్వయముగా ఆ ప్రాంతములకు పోయి, అస్థిపంజరములవలె నున్న బాలికలను, వితంతువులను సుమారు 300 మందిని తోడ్కొనివచ్చెను. అంతలో పూనాలో ప్లేగు పుట్టుటచే అధికారులు సదనమున క్రొత్తవారిని చేర్చరాదనిరి. అప్పుడు ఆ తోట భూమియే ఆ అనాథలకు దిక్కయ్యెను. గుడారములతోను పాకలతోను మొదలైన ఆ ఆశ్రయమే 1898లో ముక్తి సదనముగా ప్రతిష్ఠింపబడెను. 1900 నాటి గుజరాతు క్షామము పిదప అందలి జనసంఖ్య దాదాపు 2,000 అయ్యెను.

రెండు వేల మందికి పూటపూటకు అన్నము పెట్టుట ఎంతటి పనియో గృహిణులకు వేరుగా చెప్పనక్కరలేదు. ధాన్యము విసరవలెను, నీరు తోడవలెను, వచ్చునప్పుడే రోగములతో వచ్చిన వారికి పరిచర్య చేయవలెను, చికిత్స ఫలింపక మరణించినవారిని మట్టిచేయవలెను. పొట్టనిండ తిండి యెరుగని పిల్లలు మొదట దొంగిలించెడివారు, పోట్లాడెడివారు. వారిని మందలించి, లాలించి, అక్షరములు నేర్పవలెను. రమాబాయి తెల్లవారకమునుపే మేల్కొని, ప్రార్థన ముగించి, ఈ పనులన్నిటిని తానే విచారించుచుండెను. బావులు త్రవ్వించెను. నేత, కుట్టుపని, నూనెగానుగ, పాడి, సేద్యము, అచ్చుపని అచటి స్త్రీలచేతనే నడపించెను. చేతిపని యెరుగక తన తలిదండ్రులు ఆకలిచే మరణించిన వృత్తాంతమును ఆమె ఎన్నడును మరువలేదు. ముక్తిలో చదువును చేతిపనియు జంటగా సాగెను. మోసపోయిన స్త్రీలకు కృపా సదనమును ఏర్పరచెను. అంధులకు వ్రేళ్లతో చదువు విద్యను మనోరమ నేర్పెను. ద్రవ్యము చాలని దినములలో రమాబాయి మొదట దేవునికే విన్నవించుకొనెడిది. ఇంగ్లండున వేలకొలది అనాథలను ప్రార్థనాబలముతో పోషించిన జార్జి ముల్లరు చరిత్రను ఆమె చదివియుండెను. 1905లో ముక్తిలో చెలరేగిన ప్రార్థనోజ్జీవము లోకమంతట వినబడెను. అయినను ఆ భక్తికి పునాది మహోత్సవములలో గాక, తిరుగలి మ్రోతలోను రోగుల పరిచర్యలోను ఉండెను.

ఆమె చివరి తపస్సు గ్రంథరూపమైనది. అప్పటికి వాడుకలోనున్న మరాఠీ బైబిలు సంస్కృత పదములతో నిండి, పల్లెటూరి స్త్రీలకు బోధపడకుండెను. అందుచే ఆమె నడివయస్సు దాటిన పిమ్మట గ్రీకు, హెబ్రీ భాషలనభ్యసించి, బైబిలునంతటిని తేటమరాఠీలోనికి తానే అనువదింప పూనుకొనెను. సంస్కృత పాండిత్యముచే సరస్వతి బిరుదు నందినయామె, విసురుచు పాడుకొను స్త్రీకి తెలియు మాట కొఱకు తన సంస్కృతమును ప్రక్కన పెట్టెను. ఆమె త్యాగములన్నిటిలో లోకము తక్కువగా గుర్తించినది ఇదియే కావచ్చును. 1913లో క్రొత్తనిబంధన వెలువడెను. అక్షరములు కూర్చుట మొదలు ప్రతులు కుట్టుటవరకు పనియంతయు ముక్తి స్త్రీలే చేసిరి.

1919లో ప్రభుత్వము ఆమెకు కైజర్-ఇ-హింద్ పతకమొసగెను. 1921 జూలైలో మనోరమ మరణించెను. తండ్రి ముఖమెరుగని ఆ బిడ్డయే తల్లికి కుడిభుజమై, ముక్తి పాఠశాలను నడపి, అప్పటి నిజాము రాజ్యములోని గుల్బర్గాలోను బాలికల పాఠశాల నెలకొల్పియుండెను. తన తరువాత భారమంతయు వహించునని నమ్మిన కుమార్తెను తానే సాగనంపవలసివచ్చినను, రమాబాయి అనువాదమును విడువలేదు. ఆ పనిని ముగించి, 1922 ఏప్రిల్ 5న, అరువదినాలుగవ యేడు నిండుటకు కొలది దినములుండగా, కన్నుమూసెను. సంపూర్ణ గ్రంథము 1924లో ముద్రితమయ్యెను. 1989లో భారత ప్రభుత్వము ఆమె స్మృతికి తపాలాబిళ్ల వెలువరించెను. కేడ్గాంలోని ముక్తి సదనము నేటికిని నిరాశ్రయులకు ఆశ్రయమిచ్చుచున్నది.

తండ్రి, తల్లి, అక్క, అన్న, భర్త, కుమార్తె, మిత్రులు ఒక్కొక్కరుగా దూరమైనను ఆ జీవితము శూన్యము కాలేదు. పోయిన ప్రతి బంధము స్థానమున ఆమె దిక్కులేని వారిని నిలుపుకొనెను. ఆకలి నెరిగినది కావున అన్నము పెట్టెను. వైధవ్యము నెరిగినది కావున వితంతువులకు నీడయయ్యెను. ఒక సువార్త పుస్తకము తన బ్రతుకును మార్చినది కావున, చదువు నోచుకొనని వారికి పుస్తకము అందించెను. ఆమె మతము నవలంబింపని వారును ఆమె జీవితమునుండి గ్రహింపదగినది కలదు. దైవసన్నిధి కొఱకు కష్టములు తీరువరకు వేచియుండనక్కరలేదు. చేతనున్న పనిని, ఎదుటనున్న మనిషిని నిండుమనస్సుతో స్వీకరించినచోట ఆ సన్నిధి లభించును. ఆమె అరువది మూడేండ్ల జీవితము ఆ సత్యమునకు సాక్ష్యము.